సొరంగం పని, ఊపిరితిత్తుల జబ్బులు: తరచుగా అడిగే ప్రశ్నలు

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో టీవీలు ఆగలేదు. అంతకుముందు 2023 నవంబర్‌లో ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగంలో 41 మంది 17 రోజులు ఇరుక్కుని ప్రాణాలతో బయటపడ్డప్పుడూ అంతే. కూలిన సొరంగం అందరికీ కనిపిస్తుంది. కూలని సొరంగంలో ఏళ్ళ తరబడి షిఫ్టులు చేసి, పని అయిపోయాక సొంతూరు చేరి, కొన్నేళ్ళకు ఆయాసంతో మంచం పట్టినవాళ్ళు ఎవరికీ కనిపించరు.

నేను ఆరేళ్ళు సాగునీటి సొరంగాల్లో సేఫ్టీ సూపర్‌వైజర్‌గా పనిచేశాను. డాక్టర్ని కాదు. పని దగ్గర కూలీలు, ఫోన్లలో వాళ్ళ ఇళ్ళవాళ్ళు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. వైద్యం నిర్ణయించాల్సింది మాత్రం మిమ్మల్ని చూసే డాక్టరే.

రోడ్డు పనిలోనూ దుమ్మే, టన్నెల్‌లోనూ దుమ్మే. తేడా ఏముంది?

మొదటి తేడా రాయి. నల్లమల కొండల్లో గట్టి క్వార్ట్జైట్ ఉంటుంది. పేరుకు తగ్గట్టే అది దాదాపు అంతా క్వార్ట్జ్, అంటే స్ఫటిక రూపంలోని సిలికా. ఊపిరితిత్తులను పాడుచేసేది ఇదే. తెలంగాణలో ఎక్కడ చూసినా కనిపించే గ్రానైట్‌లోనూ సుమారు పాతిక నుంచి మూడో వంతు దాకా క్వార్ట్జే ఉంటుంది. సున్నపురాయిలో బాగా తక్కువ. కాబట్టి పనిలో చేరేటప్పుడు అక్కడ ఏ రాయి తొలుస్తున్నారో అడగండి. జీతం ఎంతని అడిగినంత సహజంగా అడగాల్సిన విషయం ఇది.

రెండో తేడా గాలి. బయట లేచిన దుమ్మును గాలి తీసుకుపోతుంది. సొరంగంలో దానికి పోయే దారి లేదు. మనం పంపే గాలే దాన్ని బయటకు నెట్టాలి.

ఇంకో మాట. కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. చీదితే, ఉమ్మితే పోతుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఊపిరితిత్తుల అడుగుదాకా దిగే రేణువులు నాలుగైదు మైక్రాన్ల లోపువి. అవి విడివిడిగా కంటికి ఆనవు, గంటల తరబడి నేలకు దిగవు. ఒకసారి షిఫ్టు మధ్యలో కరెంటు పోయింది. అప్పటిదాకా గాలి శుభ్రంగానే ఉందనుకున్నాం. చీకట్లో ఒకతను హెల్మెట్ మీది ల్యాంపు వెలిగించాడు. ఆ వెలుగు గీత పొడవునా పాలు కలిపినట్టు తెల్లగా మసక. డ్రిల్లింగ్ ఆగి అప్పటికి గంట దాటింది. అంతసేపూ అందరం మాస్కులు మెడకు దించుకుని కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నాం, నాతో సహా.

ఏ పని చేసేవాళ్ళకు ప్రమాదం ఎక్కువ?

ఫేస్ దగ్గర, అంటే తొలుస్తున్న చివరి గోడ దగ్గర, డ్రిల్లింగ్ చేసేవాళ్ళకు, వాళ్ళ హెల్పర్లకు. రాడ్ మధ్యలోంచి నీళ్ళు పంపుతూ తొలిస్తే దుమ్ము చాలావరకు బురదై కారిపోతుంది. నీళ్ళు లేకుండా పొడిగా తొలిస్తే ఆ పొడంతా మొహం మీదికే. జంబో డ్రిల్లుకు (పెద్ద డ్రిల్లింగ్ యంత్రానికి) నీళ్ళు ఎలాగూ ఉంటాయి కానీ మూలల్లో, ఆడిట్లలో (పక్కనుంచి లోపలికి తవ్విన చిన్న సొరంగాల్లో) జాక్‌హామర్ పట్టుకున్నవాళ్ళకు నీళ్ళ పైపు చాలాసార్లు అందదు. అందినా బట్టలు తడుస్తాయని, కాళ్ళ కింద బురద అవుతుందని కట్టేసేవాళ్ళూ ఉన్నారు. దయచేసి కట్టెయ్యకండి.

తర్వాత షాట్‌క్రీట్ కొట్టేవాళ్ళు, అంటే సొరంగం గోడలకు, పైకప్పుకు కాంక్రీటు చిమ్మేవాళ్ళు. సిమెంటు, ఇసుక పొడిగా వచ్చి నాజిల్ దగ్గర నీళ్ళు కలిసే పద్ధతిలో దుమ్ము చాలా ఎక్కువ. ముందే తడిగా కలిపి పంపే పద్ధతిలో తక్కువ, అయినా ఉంటుంది. తొందరగా గట్టిపడటానికి కలిపే మందు కళ్ళను, గొంతును మండిస్తుంది.

బ్లాస్టింగ్ తర్వాత మక్, అంటే పగిలిన రాళ్ళ కుప్ప, ఎత్తే లోడర్ దగ్గరా అంతే. కుప్పను ముందు బాగా తడపకుండా బకెట్ పెడితే పేలుడుకు నలిగిన సన్నపొడి మొత్తం లేస్తుంది. క్యాబిన్ అద్దాలు మూసి, ఏసీ ఫిల్టర్ సరిగా ఉంటే ఆపరేటర్ కొంత నయం. బయట నిలబడి సైగలు చేసే హెల్పరుకు ఆ రక్షణ లేదు.

టీబీఎం (సొరంగం తొలిచే భారీ యంత్రం) ఉంటే దుమ్ము లేదని చాలామంది నమ్మకం. కట్టర్లు రాయిని పొడి చేస్తూనే ఉంటాయి, కన్వేయర్ బెల్టు ఆ పొడిని మోస్తూనే ఉంటుంది. నీటి జల్లు, దుమ్ము లాగే ఫ్యాను పనిచేసినంతవరకే మేలు.

ఎలక్ట్రీషియన్లు, ఫిట్టర్లు, సర్వే పిల్లలు తమకేం కాదనుకుంటారు. వాళ్ళు పీల్చేదీ అదే గాలి. షిఫ్టు అయ్యాక కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకునే అలవాటు అందరిలోనూ ఉంది. దులిపిన దుమ్మంతా మళ్ళీ ముక్కులోకే వెళ్తుంది కాబట్టి అది పూర్తిగా మానాలి.

దుమ్ము ఒక్కటేనా, వాయువులు కూడా ప్రమాదమా?

ప్రమాదమే. బ్లాస్టింగ్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు, వాసన ఉండవు. తలనొప్పి, వికారం, మత్తుతో మొదలై మనిషి అక్కడే కూలిపోవచ్చు. అదే పొగలో నైట్రోజన్ డయాక్సైడ్ కూడా ఉంటుంది. పేలుడు తర్వాత ఎర్రగా, ఇటుక రంగులో పొగ కనిపిస్తే అనుమానించాల్సింది దాన్నే. దీనితో ఒక మోసం ఉంది. పీల్చినప్పుడు కాస్త దగ్గు వచ్చి తగ్గిపోతుంది. మనిషి రూముకు వెళ్ళి పడుకుంటాడు. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరి ఆడదు. ఆ పొగ పీల్చినవాళ్ళు బాగానే ఉన్నామన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు.

డీజిల్ పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2012లో మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. సిలికా దుమ్ము 1997 నుంచే ఆ జాబితాలో ఉంది. లోపల టిప్పర్లు, లోడర్లు ఇంజిన్లు ఆపకుండా నిలబడే చోట ఈ రెండూ కలిసే ఉంటాయి.

భూమి కింద పొగ ఎంత వేగంగా చంపుతుందో మనం కళ్ళారా చూశాం. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. అది నిర్మాణం ఎప్పుడో పూర్తయిన కేంద్రం. పని ఇంకా నడుస్తున్న సొరంగంలో బయటకు దారులు అంతకన్నా తక్కువ.

సిలికోసిస్ అంటే ఏమిటి? ఎన్నేళ్ళకు వస్తుంది?

ఊపిరితిత్తుల్లోకి దిగిన సిలికా రేణువును శరీరం కరిగించలేదు. దాన్ని మింగిన రక్షణ కణాలు చచ్చిపోతాయి. ఆ చోట వాపు వచ్చి, పుండు మానిన మచ్చలా గట్టి కణుపు కడుతుంది. ఇలాంటివి వందలు, వేలు. మెత్తగా సాగి ముడుచుకోవాల్సిన ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది.

మామూలుగా పదేళ్ళు, అంతకు పైన దుమ్ములో పనిచేసినవాళ్ళలో నెమ్మదిగా వస్తుంది. దుమ్ము ఎక్కువైతే అయిదు నుంచి పదేళ్ళలో. విపరీతమైన దుమ్మైతే కొన్ని నెలల్లో కూడా వచ్చి ప్రాణం తీస్తుంది. దీనికి అమెరికాలో జరిగిన ఘోరమే సాక్ష్యం. వెస్ట్ వర్జీనియాలో 1930లో మొదలైన హాక్స్ నెస్ట్ సొరంగంలో దాదాపు మొత్తం సిలికా ఉన్న రాయిని నీళ్ళు లేకుండా తొలిపించారు. కూలీల్లో ఎక్కువమంది దక్షిణాది నుంచి పనికోసం వలస వచ్చిన నల్లజాతివాళ్ళు. కనీసం 764 మంది చనిపోయారని తర్వాతి కాలపు అధ్యయనం లెక్కగట్టింది.

మన దగ్గరా కథ పాతదే. సిలికోసిస్ గురించి దేశంలో తొలి నివేదిక 1934లో కోలార్ బంగారు గనుల నుంచే వచ్చింది. తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ తరతరాలుగా దిగిన గనులవి. 1940ల్లో అక్కడ 7,653 మందిని పరీక్షిస్తే 43.7 శాతం మందికి సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. దీన్ని ఆపే ఉపాయాలు అప్పటికే తెలుసు. నీళ్ళు, గాలి, మాస్కు.

పని మానేస్తే తగ్గుతుందా? మందు ఉందా?

తగ్గదు. కట్టిన కణుపులను కరిగించే మందు లేదు. పని మానేశాక కూడా కొందరిలో ముదురుతుంది. అయినా మానేయడం చాలా అవసరం, ఎందుకంటే కొత్త దుమ్ము పడకపోతే ముదిరే వేగం తగ్గే అవకాశం ఉంటుంది. ఆయాసానికి ఇన్హేలర్లు, ఆక్సిజన్, శ్వాస వ్యాయామాలు, ఇన్‌ఫెక్షన్లకు వెంటనే వైద్యం, టీకాలు, ఇవన్నీ మనిషిని నిలబెడతాయి. బాగా ముదిరితే ఊపిరితిత్తుల మార్పిడి ఒక్కటే దారి. అది మన కూలీలకు ఎంత దూరమో మీకు తెలుసు.

టీబీ మందులు రెండుసార్లు వాడినా మా ఆయనకు దగ్గు, ఆయాసం తగ్గలేదు. ఇది సిలికోసిస్ కావచ్చా?

నాకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే.

కావచ్చు. రెండింటిలోనూ దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం ఉంటాయి. రెండింటిలోనూ ఎక్స్‌రేలో పైభాగంలో మచ్చలు కనిపిస్తాయి. రోజూ టీబీ చూసే డాక్టరుకు మొదట టీబీ తట్టడం సహజం. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్ళకు టీబీ వచ్చే ముప్పు మామూలువాళ్ళకంటే చాలా రెట్లు ఎక్కువ కాబట్టి రెండూ కలిసి కూడా ఉండొచ్చు. అందుకే తెమడ పరీక్షలో టీబీ తేలితే మందుల కోర్సు తప్పకుండా పూర్తి చెయ్యాలి, సిలికోసిస్ అని చెప్పి మధ్యలో ఆపకూడదు. తెమడలో ఏమీ రాకుండా ఎక్స్‌రే చూసి మాత్రమే మందులు మొదలుపెట్టి, అవి పనిచెయ్యకపోతే రెండో ఆలోచన కావాలి.

నాతో పనిచేసిన పాలమూరు డ్రిల్లర్ ఒకాయన సంగతి చెప్తాను. పదకొండేళ్ళు మూడు రాష్ట్రాల్లో సొరంగాలు తొలిచాడు. దగ్గు పెరిగాక ఊరికి వచ్చేసి రెండెకరాలు కౌలుకు చేసుకుంటున్నాడు. రెండుసార్లు టీబీ కోర్సు అయింది. ఒకసారి ఆసుపత్రికి నేనూ తోడు వెళ్ళాను. చీటీ రాసే చోట “ఏం పని చేస్తావు?” అని అడిగారు. “వ్యవసాయం” అన్నాడు. అబద్ధం కాదు, ఆ రోజు ఆయన చేసే పని అదే. చీటీ మీద అదే రాశారు. అంతకుముందు అన్ని చీటీల మీదా అదే ఉంది. నేను కల్పించుకుని సొరంగాల సంగతి చెప్పాక డాక్టర్ పాత ఎక్స్‌రేలన్నీ మళ్ళీ లైటు మీద పెట్టి చూశారు. స్కాన్ రాశారు. సిలికోసిస్.

ఆ డాక్టరును నేను తప్పుపట్టను. ఆయనకు చెప్పినవాళ్ళు లేరు. కాబట్టి ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ, ఏ జబ్బుకు వెళ్ళినా, “ఇన్నేళ్ళు సొరంగంలో రాయి తొలిచే పని చేశాను” అని చెప్పండి, చీటీ మీద రాయించండి. మనిషి దగ్గుతూ చెప్పలేకపోతే ఇంట్లోవాళ్ళు చెప్పండి.

ఏ పరీక్షలు చేయించుకోవాలి? ఎక్కడ?

ఛాతీ ఎక్స్‌రే, ఊదే పరీక్ష అంటే స్పైరోమెట్రీ, అవసరమైతే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ (ఊపిరితిత్తులను వివరంగా చూపే సీటీ స్కాన్), టీబీకి తెమడ పరీక్ష. పనిలో చేరేముందు ఒకసారి ఎక్స్‌రే, ఊదే పరీక్ష చేయించుకుని ఆ కాపీలు మీ దగ్గరే ఉంచుకోండి. తర్వాత వచ్చిన మార్పు తెలియాలంటే మొదటిది ఉండాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, విశాఖలో పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రి ప్రభుత్వానివే. ఈఎస్ఐ కార్డు ఉంటే ఈఎస్ఐ ఆసుపత్రికీ వెళ్ళొచ్చు. సిలికోసిస్ తేలినవాళ్ళకు, టీబీ లేదని నిర్ధారించుకున్నాక, అది రాకుండా ముందుజాగ్రత్త మందు ఇవ్వొచ్చని మన జాతీయ టీబీ కార్యక్రమం మార్గదర్శకాల్లో ఉంది. డాక్టర్ని అడగండి.

తడి తువ్వాలు కట్టుకుంటే సరిపోదా?

సరిపోదు. తువ్వాలు పోగుల మధ్య సందులు ఆ రేణువులకు బజారు వీధులంత వెడల్పు. సర్జికల్ మాస్కు కూడా దీనికి పనికిరాదు. కనీసం ఎన్95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2 రకం కావాలి. డ్రిల్లింగ్, షాట్‌క్రీట్ దగ్గర ఫిల్టర్లు మార్చుకునే రబ్బరు మాస్కు ఇంకా మంచిది. కొనేటప్పుడు ఐఎస్ 9473 అనే భారత ప్రమాణం గుర్తు చూడండి.

మాస్కు మంచిదైనా మొహానికి అతుక్కోకపోతే గాలి పక్కలనుంచే వస్తుంది. గడ్డం ఉంటే అతుక్కోదు. తడిసి నలిగినదాన్ని వారం రోజులు వాడితే లేనట్టే. ఎనిమిది గంటలు ఆ వేడిలో, ఆ చెమటలో మాస్కు పెట్టుకుని ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే మాస్కును చివరి కాపలా అనుకోవాలి. అసలు దుమ్ము లేవకుండా చూడాల్సిన బాధ్యత పని చేయించేవాళ్ళది.

బెల్లం తింటే దుమ్ము కడుపులోకి దిగి పోతుందంటారు. నిజమేనా?

ప్రతి సైటులోనూ ఈ మాట విన్నాను. షిఫ్టు దిగగానే బెల్లం ముక్క పంచే మేస్త్రిని చూశాను, ప్రేమతోనే పంచేవాడు. కానీ బెల్లం వెళ్ళేది అన్నవాహికలోకి, దుమ్ము కూర్చున్నది గాలి గదుల్లో. అక్కడికి దీనికి దారి లేదు. గొంతు కాస్త హాయిగా ఉంటుంది, అంతే. షుగర్ లేకపోతే తినండి. తిన్నాం కదా అని మాస్కు తియ్యకండి. అరటిపండు, కల్లు, మద్యం సంగతీ ఇదే.

బీడీ మానినా లాభమేముంది, దుమ్ము ఎలాగూ పీలుస్తున్నాం కదా?

చాలా లాభం. పొగ తాగేవాళ్ళకు సిలికా వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్, దీర్ఘకాలపు ఆయాసం ముప్పు ఇంకా పెరుగుతుంది. ఊపిరితిత్తుల్లో మిగిలిన బలాన్ని కాపాడుకోవడానికి పూర్తిగా మీ చేతుల్లో ఉన్నది ఇది.

పని చేయించేవాళ్ళు ఏమేం చెయ్యాలి?

తడి డ్రిల్లింగ్. మక్ ఎత్తేముందు తడపడం. బ్లాస్టింగ్ అయ్యాక పొగ పూర్తిగా పోయి, గ్యాస్ మీటరుతో చూసేదాకా ఎవర్నీ లోపలికి పంపకపోవడం. దుమ్మును పంపు, ఫిల్టరుతో కార్మికుడి కాలర్ దగ్గర కొలవడం. అమెరికాలో 2016 నిబంధన ప్రకారం ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలిలో సిలికా 50 మైక్రోగ్రాములు మించకూడదు. సన్న ఉప్పు రేణువు ఒకటి సుమారు అంత బరువు ఉంటుంది. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడా దుమ్ములో క్వార్ట్జ్ శాతం పెరిగేకొద్దీ అనుమతించే పరిమితి తగ్గేలా లెక్క పెట్టింది.

అన్నిటికీ ప్రాణం వెంటిలేషన్ డక్టు. పోర్టల్ (సొరంగం ముఖద్వారం) దగ్గర ఫ్యాను ఎంత పెద్దదైనా, పైకప్పుకు వేలాడే ఆ పసుపు గుడ్డ గొట్టం ఫేస్ దాకా చేరకపోతే లాభం లేదు. నేను చేసిన ఒక సైటులో టిప్పర్ తగిలి డక్టు చిరిగింది. ఫేస్ దగ్గర గొట్టం చివర చెయ్యి పెడితే గాలి తగల్లేదు. చిరుగు దగ్గర మాత్రం చొక్కా ఎగిరిపోయేంత గాలి. రిపోర్టు రాశాను. పని ఆపితే రోజుకు తొలిచే మీటర్లు తగ్గుతాయన్నారు. కుట్టు వేయడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ పంతొమ్మిది రోజులూ రెండు షిఫ్టులు లోపల నడిచాయి. ఇంకా గట్టిగా పట్టుబట్టి పని ఆపించాల్సింది, ఆపించలేకపోయాను. ఆ బాధ పోలేదు.

మీరు ఫేస్ దగ్గరకు వెళ్ళగానే గొట్టం చివర చెయ్యి పెట్టి చూడండి. గాలి తగలకపోతే మేస్త్రికి చెప్పండి, నలుగురూ కలిసి చెప్పండి.

బట్టల మీది దుమ్ము వల్ల ఇంట్లో పిల్లలకు ఏమైనా అవుతుందా?

ముప్పు పనిలో ఉన్నంత ఉండదు కానీ జాగ్రత్త మంచిదే. క్యాంపులోనే స్నానం చేసి బట్టలు మార్చుకోండి. పని బట్టలు దులపకుండా నీళ్ళలో నానబెట్టి ఉతకండి.

పరిహారం వస్తుందా?

చట్టంలో ఉంది. 1923 నాటి పరిహార చట్టమే సిలికోసిస్‌ను వృత్తి వ్యాధిగా గుర్తించి, పనిలో తగిలిన గాయంతో సమానంగా చూసింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లనే కొత్త కార్మిక చట్టాల్లో ఆ చట్టం, 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం కలిసిపోయాయి. వృత్తి వ్యాధుల జాబితాలో సిలికోసిస్ కొనసాగుతోంది. పలు కంపెనీల్లో చేసి ఉంటే ఆ యజమానులందరూ తలా కొంత చెల్లించేలా అధికారి నిర్ణయించవచ్చు. దావాకు గడువు ఉంటుంది కాబట్టి జబ్బు తేలగానే లేబర్ ఆఫీసుకు వెళ్ళండి. రాజస్థాన్ 2019లో ఇలాంటి దుమ్ము జబ్బులకు ప్రత్యేక విధానమే తెచ్చింది. రాళ్ళతో, సొరంగాలతో నిండిన మన రెండు రాష్ట్రాలూ అలాంటిది తేవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

కష్టం ఎక్కడంటే, జబ్బు బయటపడేసరికి సొరంగం పూర్తయి, క్యాంపు ఎత్తేసి, సబ్ కాంట్రాక్టర్ ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది. మీరు అక్కడ పనిచేశారని చూపించాల్సిన భారం మీ మీద పడుతుంది.

అయితే ఏ కాగితాలు దాచుకోవాలి?

గేట్ పాస్, ఐడీ కార్డు, నియామక పత్రం ఉంటే అది, జీతం చీటీలు, పనిలో చేరినప్పటి వైద్య పరీక్ష కాపీ, లేబర్ కార్డు. గుంపు మేస్త్రి ద్వారా వెళ్ళినా సరే ఇవి అడిగి తీసుకోండి. పీఎఫ్ కోశారంటే యూఏఎన్ నంబరు ఉంటుంది. దానిలో మీరు చేసిన కంపెనీల పేర్లు, కాలం నమోదై ఉంటాయి. జీతం బ్యాంకులో పడితే పాస్‌బుక్ ఎంట్రీలు వేయించి ఉంచండి. ఏ సొరంగం, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏ పని, పక్కన ఎవరు చేశారు, ఇవి ఒక నోటుబుక్‌లో రాసుకోండి. అన్నీ ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు పంపండి.

పైన చెప్పిన డ్రిల్లర్ దగ్గర ఒక్క కాగితం కూడా లేదనుకున్నాం. ఆయన భార్య ట్రంకుపెట్టె అడుగునుంచి పాత బ్యాంకు పాస్‌బుక్ తీసింది. అందులో వరసగా ఇరవైరెండు నెలలు కాంట్రాక్టర్ పేరుతో జీతం పడింది. ఇప్పుడు ఆయన అర్జీకి మొదటి పేజీ అదే.